మానేరు నీళ్ళ మీద సముద్రపు పిట్ట

నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పొద్దున ఓ ఇరవై అయిదు నిమిషాలు. కరీంనగర్ బస్టాండ్ నుంచి తెల్లవారకముందే బయలుదేరే మొదటి ట్రిప్పు మాది. దారిలో ఊళ్ళన్నీ తిరిగి ఆరున్నరకల్లా మానేరు డ్యాం వెనుక ఉన్న చివరి ఊరికి చేరుతుంది. అక్కడితో రోడ్డు అయిపోతుంది. అయిపోవడమంటే, ఊరు దాటాక తారు రోడ్డు ఏటవాలుగా పోయి పోయి అలాగే నీళ్ళలోకి దిగిపోతుంది. డ్యాం కట్టకముందు అవతలి ఊళ్ళకు అదే దారట. ఆరు యాభై అయిదుకు బస్సు మళ్ళీ కదలాలి. ఈలోగా మా డ్రైవరన్న చాయ్ తాగి వెనుక సీట్లో నడుం వాలుస్తాడు. నేను టికెట్ మిషన్ బ్యాగులో పెట్టి, మెడలో దుర్భిణి వేసుకొని, చాయ్ గ్లాసుతో సహా రోడ్డు చివరికి నడుస్తాను.

పదహారేళ్ళుగా కండక్టర్‌ని. పని బాగా చేస్తానని నేనే చెప్పుకోగలను. నిండిన బస్సులో ముందు మెట్టు మీద నిలబడి వెనక్కి ఒక్కసారి చూస్తే ఎంతమంది ఉన్నారో చెప్తాను. ఇంచుమించుగా కాదు, సరిగ్గా. ఈ విద్య పిట్టల దగ్గర కూడా పనికొస్తుందని చాలా ఆలస్యంగా తెలిసింది. నీళ్ళ మీద బాతుల గుంపును చూసి పక్కవాళ్ళు "ఓ వందుంటయి" అంటే నేను ఎనభై నాలుగు అంటాను. ఫోటో తీసి, దాన్ని పెద్దది చేసి, వేలు పెట్టి లెక్కించుకున్నవాళ్ళు ఆ తర్వాత నాతో వాదించలేదు.

పిట్టల్ని చూడడం నేర్పింది మాత్రం మా బాపు. మాది బోథ్ దగ్గర పల్లె. వినాయక చవితి వెళ్ళాక జొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో బడి ఎగ్గొట్టించి నన్ను మంచె ఎక్కించేవాడు. చేతిలో వడిసెల, పక్కన రాళ్ళ కుప్ప, కొట్టడానికి ఒక పాత రేకు డబ్బా. మా వైపు మాటల్లో మరాఠీ ఎక్కువ. బాపు పిట్టల్ని పాఖరాలు అనేవాడు. ఆయన లెక్కలో పాఖరాలు రెండే రకాలు: దొంగలు, చుట్టాలు. చిలుకలు, గిజిగాళ్ళు, గుంపులుగా దిగే జొన్నపిట్టలు దొంగలు. పురుగులేరుకొని తినే పాలపిట్ట, తోక ఊపుతూ తిరిగే చిన్న పిట్టలు చుట్టాలు. ఒకరోజు నేను చూసుకోకుండా విసిరిన రాయి పాలపిట్టకు తగిలింది. రెక్క విరిగింది. బాపు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. పిట్టను కండువాలో చుట్టి ఇంటికి తెచ్చి బుట్ట కింద మూసిపెట్టాడు. నేను మిడతలు పట్టుకొచ్చి దాని ముందు వేశాను. అది ముట్టలేదు. మూడో రోజు చచ్చిపోయింది.

"రాయి ఇసిరే ముందు అది ఎవలో సూడాలె బిడ్డా," అన్నాడు బాపు, అంతే.

అప్పటినుంచి చూస్తున్నాను. పెళ్ళయి కరీంనగర్ వచ్చాక, ఉద్యోగం దొరికాక, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా, తీగ మీద కూర్చున్నది ఎవరో చూడకుండా కన్ను ఊరుకోదు. కాకపోతే పేర్లు తెలియవు. నాకు పేర్లు తెలిసింది ఎనిమిదేళ్ళ కింద, మా బస్సు ఎక్కిన ఒక సారు వల్ల.

ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయిన లెక్చరర్. సెప్టెంబరు మొదలయితే ప్రతి ఆదివారం మొదటి బస్సుకు వచ్చేవాడు. గుడ్డ సంచిని ఒళ్ళో పసిబిడ్డలా పట్టుకొని ముందు సీట్లో కూర్చునేవాడు. చివరి ఊళ్ళో దిగి, సంచిలోంచి దుర్భిణి తీసి, నీళ్ళ వైపు చూస్తూ నిలబడిపోయేవాడు. రెండు ఆదివారాలు ఊరుకున్నాను. మూడోసారి దగ్గరికి పోయి అడిగాను.

"ఏం జూస్తున్నరు సార్?"

ఆయన దుర్భిణి నా చేతికిచ్చి, ఒడ్డున ఒక రాయిని చూపించాడు. రాయి పక్కన పసుపు పొట్ట పిట్ట ఒకటి తోక పైకీ కిందికీ ఊపుతూ నడుస్తున్నది. మా జొన్నచేలో తిరిగిన చుట్టమే. కానీ దాని కంటి మీద సన్నటి తెల్ల గీత ఉంటుందని నేను ఎప్పుడూ చూడలేదు.

"గిది మా ఊర్ల తిరుగుతది సార్. చలికాలం ఉంటది, ఎండలు ముదిరితే కనవడదు."

"ఎండలకు హిమాలయాల దిక్కు పోతదమ్మా. మళ్ళ గీ నెలల దిగుతది. ఇది నిన్ననో మొన్ననో వచ్చి ఉంటది."

"ఒక్కతే వచ్చిందా?"

"రమారమి ఒక్కతే."

ఆ రోజు తిరుగు ప్రయాణంలో పాలక్యాన్లు, కాలేజీ పిల్లలు, గ్రానైట్ పనికి పోయేవాళ్ళు కిక్కిరిసి ఉన్న బస్సులో టికెట్లు కొడుతూ నేను ఆ అరచేయంత పిట్ట గురించే ఆలోచించాను. ఎవరూ స్టేజీ చెప్పకుండానే దిగాల్సిన చోట దిగింది.

మరుసటి ఏడు సారు తన పాత దుర్భిణి నాకిచ్చేశాడు. ఒక బొమ్మల పుస్తకం కూడా ఇచ్చాడు. పిట్టలు చూసేవాళ్ళందరికీ ఫోన్‌లో ఒక గ్రూపు ఉంటే అందులో నన్ను కలిపాడు. డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు, అందరూ చదువుకున్నవాళ్ళు. వాళ్ళకు పిట్టలు ఆదివారం పని. నాకు వారానికి ఆరు రోజులు, రోజుకు ఇరవై అయిదు నిమిషాలు. అందుకే ఏ పిట్ట ఏ రోజు దిగిందో వాళ్ళకంటే నాకే ముందు తెలిసేది. కానీ నేను ఏది చూశానని పెట్టినా, సారు వచ్చి కళ్ళతో చూసి ఔనన్నాకే దానికి విలువ. నేను దాన్ని తప్పుగా తీసుకోలేదు. బస్సులో పాసు చూపించమని నేనూ అడుగుతాను కదా.

ఇది రెండేళ్ళ కింద జరిగింది. సెప్టెంబరు నెలే. బంగాళాఖాతంలో వాయుగుండమని మూడు రోజులు ఏకధాటిగా వాన పట్టింది. దారిలో వాగు రోడ్డు మీదికి పొంగి మా ట్రిప్పు రద్దు చేశారు. నాలుగో రోజు వాన ఆగింది కానీ గాలి ఆగలేదు. మేము చివరి ఊరికి చేరేసరికి ఆకాశం బూడిద రంగులో ఉంది. నీళ్ళు బాగా పెరిగి, ఒడ్డున ఉండే తుమ్మచెట్లు నడుం దాకా మునిగాయి. మామూలుగా కనిపించే కొంగలు, నీటికాకులు ఎక్కడ తలదాచుకున్నాయో ఏమో, అంత పెద్ద నీళ్ళ మీద ఒకటీ అరా తప్ప లేవు.

మునిగిన తుమ్మచెట్టు చిటారు కొమ్మ మీద ఒక పిట్ట ఉంది.

మొదట కాకి అనుకున్నాను. దుర్భిణి పెట్టాక కాదని తెలిసింది. వీపు, రెక్కలు, నెత్తి నల్లగా, మసి రుద్దినట్టు. గొంతు నుంచి పొట్ట దాకా తెల్లగా. నుదుటి మీద తెల్ల మచ్చ. ముక్కు నల్లగా, పొడుగ్గా, సూటిగా ఉంది. రెక్కలు ఎంత పొడుగంటే, ముడుచుకొని కూర్చున్నా కొసలు తోక దాటి బయటికి వచ్చాయి. గాలికి కొమ్మ ఊగినప్పుడల్లా కళ్ళు మూసి తెరుస్తున్నది. అలసిపోయిన మనిషి నిలబడి కునుకు తీసినట్టు.

మా డ్యాం మీద టర్న్‌లు ఉంటాయి. సన్నటి రెక్కలతో నీళ్ళ మీద తిరిగి చేపలు పట్టుకునే పిట్టలు. రెండు మూడు రకాలు నాకు బాగా తెలుసు. అన్నీ లేత బూడిద రంగు. ఇదీ ఆ వంశమే, కానీ ఈ రంగు నేను ఎన్నడూ చూడలేదు. చూస్తుండగానే లేచింది. చీలిన తోక. నీళ్ళ మీద వాలబోయి వాలకుండా, పొట్ట తడవనివ్వకుండా ఒక చుట్టు చుట్టి, మళ్ళీ అదే కొమ్మకు వచ్చింది.

ఫోన్ కెమెరాను దుర్భిణికి ఆనించి నాలుగు ఫోటోలు తీశాను. ఆరు యాభై అయిదయింది. బస్సు ఎక్కేశాను.

ఫోటోల్లో ఉన్నది ఒక నల్ల చుక్క. అయినా గ్రూపులో పెట్టి, ఇట్లా ఇట్లా ఉన్నదని రాశాను. ఎవరో "కాకి" అని రాసి నవ్వు బొమ్మ పెట్టారు. ఇంకొకరు "తడిసిన కాకి" అన్నారు. మధ్యాహ్నం సారు రాశాడు: ఇక్కడ మామూలుగా ఉండే టర్నే, ఈకలు రాల్చుకునే కాలం కాబట్టి రంగు అట్లా కనిపించి ఉంటుంది, వెలుతురు కూడా తక్కువ. గ్రూపులో అందరూ సరేనన్నారు.

నేను సరే అనలేదు. అన్నం డబ్బా తెరవకముందే సారుకు ఫోన్ చేశాను.

"సార్, గది ఈకలు రాల్చే పిట్ట గాదు. ఈకలు రాలిస్తే మచ్చలు మచ్చలుగ ఉంటది. దీని నలుపు నున్నగున్నది. ఒక్క ఈక తక్వ లేదు."

"అమ్మా, నువ్వు చెప్పేది నాకు సమజైంది. నువ్వు చెప్పే పిట్ట పుస్తకంల ఉన్నది. సూటీ టర్న్ అంటరు. కానీ అది నడి సముద్రంల తిరిగే పిట్ట. ఒడ్డుకు గూడ సక్కగ రాదు. మన దగ్గర సముద్రమెక్కడున్నదమ్మా? గీ జిల్లాల ఎవరూ చూడలే."

"ఎవలు జూడకపోతే రావద్దా సార్?"

ఆయన నవ్వి, "రేపు నీ బస్సుకే వస్త," అన్నాడు.

ఆ రాత్రి అన్నాలయ్యాక పుస్తకం తీసి ఆ పేజీ చూశాను. బొమ్మలో ఉన్నది, కొమ్మ మీద నేను చూసింది ఒకటే. ఈ పిట్ట గూడు పెట్టే వయసు వచ్చేదాకా ఏళ్ళ తరబడి నేల మీద వాలదట. నీళ్ళ మీద కూర్చుంటే ఈకలు తడిసిపోతాయి కాబట్టి అక్కడా కూర్చోదట. గాలిలోనే ఉంటుందట. తుఫాను గాలి ఒక్కోసారి వీటిని దేశం లోపలికి తోసేస్తుందని కూడా చిన్న అక్షరాల్లో ఉంది. మా ఆయన తొంగిచూసి, "దొరికిందా?" అన్నాడు. "నాకు పొద్దుగాల్నే దొరికింది," అన్నాను.

మరునాడు సారు వచ్చాడు. బస్సు ఆగీ ఆగకముందే ఇద్దరం రోడ్డు చివరికి పోయాం. కొమ్మ ఖాళీగా ఉంది. పక్క చెట్లు చూశాం, ఒడ్డు చూశాం, గాలిలో చూశాం. పదిహేను నిమిషాలు గడిచాయి. సారు దుర్భిణి దించి నా వైపు చూసిన చూపులో దయ ఉంది. అదే నాకు నచ్చలేదు.

"ఫికర్ చేయకమ్మా. వాన వెలుతుర్ల అందరికీ అయితది. నాకూ అయింది శానసార్లు."

"నాకు కాలే సార్. నేను జూసింది జూసిన."

అప్పుడే ఒక పుట్టి ఒడ్డుకు వచ్చింది. గుండ్రటి ఫైబర్ పుట్టి, అందులో వల కుప్ప, చేపల బుట్ట, తెడ్డు పట్టుకొని ఒక పెద్దమ్మ. అరవై దగ్గర ఉంటాయి. రోజూ ఆ వేళకే ఒడ్డుకు వచ్చి, చేపల బుట్ట మా బస్సులోనే కరీంనగర్ మార్కెట్‌కు పంపుతుంది. ఇన్నేళ్ళలో బుట్ట ఎక్కడ పెట్టాలన్న దాని మీద తప్ప మేము ఏదీ మాట్లాడుకున్నది లేదు. మా మాటలు విన్నట్టుంది. వల దించుతూ తల ఎత్తకుండానే అంది.

"నల్లరెక్కల దానికోసమా?"

ఇద్దరం అటు తిరిగాం.

"నిన్న పొద్దుగూకంగ నా పుట్టి అంచుమీదనే వచ్చి కూసున్నది. నేను తెడ్డేస్తనే ఉన్న, అది బెదరలే. నీళ్ళ మీద కూసోమంటే కూసోదు. ఎక్కడన్న కట్టె దొరకాలె దానికి. ఇప్పుడు లోపటి దిక్కున్నది, మునిగిన చెట్లల్ల. కాకులు సతాయిస్తున్నయి."

నేను సారు మొహం చూశాను. దయ పోయింది. నీళ్ళ మీద కూర్చోదన్న మాట ఆయనను పట్టుకుంది. ఆ సంగతి పెద్దమ్మకు ఎవరూ పుస్తకంలో చూపించలేదు.

బస్సు హారన్ మోగింది. నేను పోవాలి. సారు ఒక్కడే పుట్టి ఎక్కనన్నాడు. ఆయనకు నీళ్ళంటే భయమని నాకు అప్పుడే తెలిసింది. మరునాడు నాకు వారంలో ఒకరోజు వచ్చే సెలవు.

"పెద్దమ్మా, రేపు మమ్మల్ని తీస్కపోతవా?"

"తీస్కపోత. అది రేపటిదాక ఉండాలె గదా బిడ్డా. దాని కండ్లల్ల జీవం లేదు."

సెలవు రోజు అదే బస్సుకు తయారవుతుంటే మా ఆయన, "డ్యూటీ లేని నాడు గూడ అదే బస్సా?" అన్నాడు. చీర కట్టుకొని, సంచి పట్టుకొని, మా బస్సులో ప్రయాణికురాలిగా కిటికీ పక్కన కూర్చున్నాను. డ్యూటీలో ఉన్న కండక్టర్ ఒక స్టేజీ దగ్గర ఎక్కిన ఇద్దరికి టికెట్ కొట్టడం మరిచిపోయింది. నోరు కట్టుకొని కూర్చోలేక చెప్పేశాను. ముందు సీట్లో ఉన్న సారు నవ్వాడు. ఆ తర్వాత దారంతా ఆయన నవ్వలేదు. నీళ్ళ గురించే ఆలోచిస్తున్నాడేమో.

పుట్టి ఎక్కేటప్పుడు ఆయన చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. మధ్యలో కూర్చొని రెండు చేతులతో అంచు పట్టుకొని, కళ్ళు పెద్దమ్మ తెడ్డు మీదే పెట్టాడు. పుట్టి సాఫీగా పోదు, తిరుగుతూ పోతుంది. తిరిగినప్పుడల్లా ఆయన గొంతులో ఏదో మంత్రం లాంటిది వినిపించింది. పెద్దమ్మ ఆయనను ఓదార్చలేదు, ఎగతాళి కూడా చేయలేదు. ముందు రోజు ఎన్ని చేపలు పడ్డాయో, ఏ వల ఎక్కడ చిరిగిందో నాకు చెప్తూ తెడ్డు వేసింది.

మునిగిన చెట్ల దగ్గర కాకుల గోల ముందు వినిపించింది. తర్వాత పిట్ట కనిపించింది. ఎండిన కొమ్మ మీద, నీళ్ళకు జానెడు ఎత్తులో, ఒళ్ళు దగ్గరికి ముడుచుకొని ఉంది. రెండు కాకులు వంతులవారీగా దాని మీదికి దూకుతున్నాయి. అది ముక్కు తెరిచి బెదిరిస్తున్నది కానీ లేవడం లేదు.

సారు అంచు వదిలేశాడు. దుర్భిణి ఎత్తాడు. చాలాసేపు దించలేదు. పుట్టి మెల్లగా ఒక చుట్టు తిరిగితే, ఆయనా మెడ తిప్పుతూ చూస్తూనే ఉన్నాడు. తర్వాత సంచిలోంచి పెద్ద కెమెరా తీసి వరసగా ఫోటోలు తీశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పినట్టే ఉన్నదమ్మా. నెత్తి, నుదురు, తోక, అన్నీ. నలభై ఏండ్లు పాఠం చెప్పిన. చూడకుండ మాట్లాడద్దని పిల్లలకు చెప్పిన. నేనే చూడకుండ మాట్లాడిన."

"నాకు తెల్సు సార్," అన్నాను. ఇంకా వినయంగా ఏదైనా అనవలసింది. కానీ ఆ క్షణంలో నాకు గర్వంగా ఉంది, దాచాలనిపించలేదు. మంచె మీద కూర్చున్న పిల్ల దగ్గరినుంచి మొదలుపెట్టి ఇన్నేళ్ళూ చూసిన చూపుకు అది దక్కవలసిందే.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పిట్ట తల వాల్చేస్తున్నది.

"పట్టుకుందాం," అన్నాడు సారు. "తువ్వాల వేసి పట్టి డబ్బాల పెట్టి పశువుల దవాఖానకు తీస్కపోదాం. లేకపోతే సాయంత్రానికి ఉండదు."

ఆయన అప్పటికే తువ్వాల తీశాడు. నాకు బుట్ట కింద మూసిపెట్టిన పాలపిట్ట, దాని ముందు కాళ్ళాడిస్తున్న మిడతలు గుర్తొచ్చాయి.

"వద్దు సార్. దీనికి రెక్క ఇరగలే. ఆకలైంది. మూస్తే తినదు."

"నీకెట్ల తెలుసు?"

నేను జవాబు చెప్పేలోపు పెద్దమ్మ బుట్టలోంచి వేలెడు పరక చేపను తీసి పిట్ట ముందు నీళ్ళలోకి విసిరింది. చేప వెల్లకిలా తేలింది. పిట్ట చూసింది. కదిలేలోపు కాకి వచ్చి తన్నుకుపోయింది. రెండోదీ అంతే. సారు తువ్వాల విప్పాడు.

"జర ఆగు సారూ," అంది పెద్దమ్మ. "చెట్ల నడుమ కాకులదే రాజ్యం. బయటికి పోదాం. గాలున్న కాడ కాకి ఆగదు, ఇది ఆగుతది."

పుట్టిని చెట్ల నుంచి బయటికి, గాలి సూటిగా కొట్టే చోటికి తెచ్చింది. అలలు పుట్టిని ఊపుతున్నాయి. సారు మళ్ళీ అంచు పట్టుకున్నాడు. పెద్దమ్మ గుప్పెడు పరకలు తీసి, విత్తనాలు చల్లినట్టు గాలికి ఎదురుగా చల్లింది. వెండి ముక్కల్లా తేలాయి. మేము ముగ్గురం చెట్ల వైపు చూస్తూ కూర్చున్నాం. ఏమీ జరగలేదు. ఆమె ఇంకో గుప్పెడు చల్లింది.

పిట్ట లేచింది. మొదట నీళ్ళకు తగిలేంత కిందుగా, ఇబ్బందిగా వచ్చింది. చెట్ల చాటు దాటి గాలి తగలగానే మారిపోయింది. రెక్కలు పూర్తిగా చాచి, ఆడించకుండా, గాలి మీద అలా నిలబడింది. కొమ్మ మీద నేను చూసింది దాని సగమే అని అప్పుడు తెలిసింది. కాకి ఒకటి వెంటబడి వచ్చి, గాలికి తట్టుకోలేక వెనక్కి పోయింది. పిట్ట మా పుట్టికి పది బారల దూరంలో కిందికి వంగి, కాళ్ళు కూడా తడవకుండా, ముక్కుతో ఒక చేపను ఎత్తుకుంది.

అది గాలిలోనే మింగి, చుట్టు తిరిగి, మళ్ళీ వంగింది. నేను లెక్కపెట్టాను. పదకొండు చేపలు. పన్నెండోది జారిపోయింది. సారు చెంపల మీద నీళ్ళు ఉన్నాయి. అలలు ఎగజల్లినవో కావో నేను అడగలేదు. పిట్ట కోసం తీసిన తువ్వాల ఆయన మొహం తుడుచుకోవడానికి పనికొచ్చింది.

"బుట్టల సగం అయిపోయినయి గదా పెద్దమ్మా," అన్నాను.

"పరకలే గదా. ఎవలన్న కొంటరా వాటిని?"

ఆ సాయంత్రం సారు ఫోటోలు గ్రూపులో పెట్టాడు. మొదట చూసింది ఎవరో, తాను కాదని ఎలా అన్నాడో, ఎందుకు తప్పయిందో అంతా వివరంగా రాశాడు. అలా రాయమని నేను అడగలేదు. కాకి అని రాసినాయన ఆ ఆదివారం పెళ్ళాం పిల్లలతో మా బస్సెక్కి, టికెట్ తీసుకుంటూ, "సారీ మేడం," అన్నాడు. "గా దూరంకెల్లి ఎవలికైనా కాకే," అన్నాను. ఆయన తేలికపడ్డాడు.

తర్వాత మూడు పొద్దులు నేను పిట్టను చూశాను. పెద్దమ్మ వల తీసి వచ్చేటప్పుడు గాలున్న చోట ఆగి పరకలు చల్లేది. అది ఆమె పుట్టిని గుర్తుపట్టి ఎదురొచ్చేది. రోజురోజుకూ ఎత్తుగా ఎగిరింది. నాలుగో పొద్దున గాలి పూర్తిగా పడిపోయి, ఎండ కాసింది. కొమ్మలన్నీ వెతికాను. లేదు.

"తెల్లారంగ పోయింది," అంది పెద్దమ్మ. "పైకి పోయి, ఇంక పైకి పోయి, గంత పురుగంత అయ్యేదాక చూసిన. కట్ట అవతలి దిక్కు పోయింది."

కట్ట ఉన్నది తూర్పున. సముద్రమూ అటే. కానీ అది సముద్రం చేరిందని నేను ఎవరికీ చెప్పను. నేను చూడలేదు. పోగలిగే స్థితిలో ఉండి, పోవలసిన దిక్కుకు పోయిందని మాత్రం చెప్తాను.

పిట్టల పత్రికకు పంపడానికి సారు ఆ పిట్ట సంగతి పద్ధతిగా రాశాడు. చూసినవాళ్ళ పేర్ల దగ్గర మొదట నా పేరు పెట్టాడు. పెద్దమ్మ పేరు కూడా రాయాలని నేను పట్టుబట్టాను. ఆమెను అడిగితే నవ్వింది.

"నా పేరు రాస్తే వలల చేపలెక్కువ పడ్తయా?"

"పడవు పెద్దమ్మా."

"తక్వ పడ్తయా?"

"తక్వ గూడ పడవు."

"అయితే రాయి."

పేరు రాసుకున్నాక నా మెడలోని దుర్భిణి వైపు చూపించి, "అందులకెల్లి ఏం కనవడ్తది?" అంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు, నేనూ ఎప్పుడూ ఇవ్వలేదు. అందుకు నాకు సిగ్గేసింది. పట్టీ ఆమె మెడలో వేసి, ఎక్కడ తిప్పాలో చూపించాను. ఒడ్డున నారాయణ కొంగ ఒకటి నిలబడి ఉంటే అటు తిప్పబోయాను. ఆమె నా చేయి తోసేసి, నీళ్ళకు అవతలి ఒడ్డున సన్నగా కనిపించే ఇళ్ళ వైపు తిప్పుకుంది. అక్కడ ఆమె చెల్లెల్ని ఇచ్చారట. నీళ్ళ మీద చూస్తే ఎదురుగానే ఉంటుంది, రోడ్డు మీద పోవాలంటే కరీంనగర్ పోయి చుట్టి రావాలి.

కాసేపు అటూ ఇటూ వెతికి ఒకచోట ఆగింది. నోరు కొంచెం తెరుచుకుంది. దుర్భిణి దించకుండానే ఒక చేత్తో బొడ్లో దోపిన ఫోన్ తీసి నాకిచ్చి, చెల్లెలికి కలపమంది. కలిపి చెవి దగ్గర పెట్టాను.

"ఏమే," అంది, "పచ్చ చీర ఎప్పుడు కొన్నవ్? దండెం మీద ఆరేసినవ్ గదా. ఉండు, ఉండు, లోపలికి పోకు. జర బయట నిలవడు. గట్ల గాదు, ఇటు దిక్కు మొకం వెట్టు."